ఎనిమిదింటికి బ్యూగిల్

(డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు మాజీ సైనికుల సంఘం సభలో చేసిన ప్రసంగం)

ముందు వరసలో ఉన్న సుబేదార్లకు, హవల్దార్లకు, వెనక కూర్చున్న అమ్మలకు నమస్కారం. నేను ఫౌజులో చేసినవాణ్ని కాదు, లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. మా నాన్నగారు హవల్దారు. ఈ మైకు దగ్గర నిలబడే అర్హత నాకు ఆయన వల్లే వచ్చింది.

1949 నుంచి ఏటా ఈ రోజున చొక్కాకు పెట్టుకుంటున్న ఈ చిన్న జెండా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వేరే ఊరి సంగతి చెబుతాను.

బెల్జియంలో, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో, ఈపర్ అని ఒక చిన్న పట్నం ఉంది. ఫ్రెంచివాళ్లు ఈప్ర అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడికి వెళ్లిన బ్రిటిష్ సిపాయిలకు నోరు తిరక్క ‘వైపర్స్’ చేసేశారు. ఆ నాలుగేళ్లలో ఊరు ఊరంతా మొండిగోడలైపోయింది. తర్వాత మళ్లీ కట్టుకున్నారు. సైనికులు యుద్ధానికి నడిచి వెళ్లిన దారి మీద, ఊరి పొలిమేరలో, ఒక పెద్ద కమాను లేపారు. మెనిన్ ఊరికి పోయే దారి కాబట్టి మెనిన్ గేట్. 1927 జులై 24న తెరిచారు. గోడల నిండా పేర్లే. శవం దొరకని, సమాధి లేని 54 వేల మందికి పైగా పేర్లు.

అందులో నాలుగు వందల పైచిలుకు మన దేశం వాళ్లవి. 1914 అక్టోబరులో పల్చటి ఖాకీ నూలు బట్టల్లోనే ఆ చలిలోకి దిగినవాళ్లు. ఆ నెల 31న, ఈపర్‌కి దగ్గర్లో హోలెబెక్ దగ్గర, ఖుదాదాద్ ఖాన్ అనే సిపాయి తన మెషిన్ గన్ దగ్గర మిగతావాళ్లంతా చనిపోయినా, తాను గాయపడి కూడా, కాలుస్తూనే ఉన్నాడు. శత్రువులు చచ్చాడనుకుని వదిలేసి వెళ్తే పాక్కుంటూ తన పటాలంలోకి వచ్చాడు. బ్రిటిష్ వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ గెలుచుకున్న మొదటి భారత సైనికుడు ఆయనే. ఇవాళ ఆయన ఊరు పాకిస్తాన్‌లో ఉంది, అది వేరే కథ.

ఇంతకీ గేటు కట్టింది బ్రిటిష్ వాళ్లు. డబ్బు వాళ్లది. ఆ యుద్ధంలో పోరాడిన వాళ్లలోనే కొందరికి ఈ గేటు నచ్చలేదు. ఇన్ని ప్రాణాలు తీసి ఇప్పుడు రాళ్లు పేరుస్తారా అని మండిపడ్డారు. వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది. ప్రారంభం రోజున బ్రిటిష్ సైన్యం వాళ్లు బ్యూగిళ్ల మీద ‘లాస్ట్ పోస్ట్’ ఊదారు. మీకు తెలిసిందే, బ్యారక్స్‌లో రోజు ముగిసిందని ఊదేది. మన సైన్యంలో కూడా అంత్యక్రియల్లో అదే ఊదుతారు. మా నాన్నగారికీ ఊదారు. అది విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ ఊరి పోలీసు అధికారి ఒకాయన ఉన్నారు, పియెర్ వాండెన్‌బ్రామ్‌బుష్. ఈ పేరు పలకడానికి వారం రోజులు సాధన చేశాను, తప్పు పలికితే క్షమించండి. ఇది ఒక్క రోజు వేడుకగా మిగలకూడదని, మన ఊరివాళ్లమే రోజూ ఊదుదామని ఆయనకు అనిపించింది. 1928 వేసవిలో మొదలుపెట్టారు. చలికాలం దగ్గరపడేసరికి ఆగిపోయింది. ఆగినచోట వదిలేయలేదు చూడండి, అదీ నాకు నచ్చింది. 1929లో ఒక కమిటీ వేసుకుని మళ్లీ ఎత్తుకున్నారు.

ఊదేది ఎవరనుకున్నారు? అగ్నిమాపక దళం వాళ్లు. మన దగ్గరిలా పూర్తిగా జీతం ఉద్యోగం కాదు. పగలు ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, మంటలంటుకుంటే పరుగెత్తే స్వచ్ఛంద దళం. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊదాలి.

మా అమ్మాయి బ్రస్సెల్స్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు తీసుకెళ్లింది. అప్పుడు గేటు కిందుగా మామూలు రోడ్డే, కార్లూ బస్సులూ పోతుండేవి. ఎనిమిదికి కాస్త ముందు పోలీసులొచ్చి రోడ్డు ఆపారు. ఉన్నట్టుండి నిశ్శబ్దం. యూనిఫాంలో కొందరు రోడ్డు మధ్యకు నడిచొచ్చి బ్యూగిళ్లు ఎత్తారు. ఊదారు. ఒక నిమిషం మౌనం. ఎవరో ముసలావిడ ఒక దండ పెట్టి వచ్చింది. చప్పట్లు కొట్టకూడదు. నాకు తెలియక చెయ్యి లేవబోతే అమ్మాయి పట్టుకుంది. కాసేపటికి రోడ్డు తెరిచారు, బస్సు పోయింది. స్టేజీ లేదు, ముఖ్య అతిథి లేడు.

వాళ్లలో ఆంట్వాన్ వెర్‌స్కూట్ అని ఒకాయన ఉండేవారు. 1954లో చేరి దాదాపు అరవై ఏళ్లు ఊదారు, పదిహేను వేల సార్లకు పైగా. లెక్కల మాస్టారిని కదా, ఊరుకోలేను. అరవై ఏళ్లంటే ఇరవై రెండు వేల రాత్రుళ్లు, మూడింట రెండు రాత్రుళ్లు ఆయన అక్కడే ఉన్నారు. ఇంట్లో పెళ్లిళ్లుంటాయి, జ్వరాలుంటాయి, వానలుంటాయి. 2017లో ఆయన పోయారు.

ఒక్కసారి మాత్రం తప్పింది, అదీ నాలుగేళ్లు. 1940 మేలో జర్మన్లు ఊరిని ఆక్రమించారు. అప్పుడు ఇంగ్లండ్‌లో బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానంలో ఊదారు. 1944 సెప్టెంబరు 6న పోలండ్ సైనికులు ఊరిని విడిపించారు. ఊళ్లో ఇంకో వైపు కాల్పులు ఆగనేలేదు, ఆ సాయంత్రమే గేటు కింద బ్యూగిల్ మోగింది. 2015 జులై 9కి ముప్పై వేల సార్లు ఊదడం పూర్తయింది. కరోనాలో జనాన్ని రానివ్వలేదు, ఒక్కరే వచ్చి ఊదారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఊళ్లో సైనికుల కోసం ఒక సభ జరిగింది. ఏ ఊరని అడగకండి. పదింటికి అన్నారు. ముఖ్య అతిథి రాలేదని పన్నెండున్నర దాకా ఆపారు. షామియానా నీడ వేదిక మీద మాత్రమే పడింది. మెడల్స్ పెట్టుకున్న ఎనభై ఏళ్ల నాయక్ ఒకాయన ఎండలో కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మంచినీళ్లు తెచ్చిస్తే, ‘డ్యూటీలో ఉన్నా బాబూ, తర్వాత’ అన్నారు. నవ్వుతూనే అన్నారు. అతిథి వచ్చి శాలువా కప్పి ఫొటో తీయించుకుని అయిదు నిమిషాల్లో వెళ్లిపోయారు. ఆ శాలువా ఆ ఎండలో ఆయన భుజాల మీద ఎలా ఉండుంటుందో మీరే ఊహించండి.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ ‘మిలిటరీ మాధవరం’ అంటారు. ఊరిపేరులోనే ఫౌజు చేరిపోయింది. మన ఊరు అంతటిది కాదు. ప్రాణాలిచ్చిన మన సైనికుల రాతిపలక మీద ఉన్నవి పదకొండు పేర్లు. పదకొండు పేర్లు చదవడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

రోజూ అనడం లేదు, మన వల్ల కాదు. నెలకోసారి, మొదటి ఆదివారం, పొద్దున ఏడింటికి. పలక తుడవాలి, పేర్లు చదవాలి, ఆ నెలలో నడవలేని మాజీ సైనికులు ఎవరుంటే వాళ్లింటికి వెళ్లి పెన్షన్ పేపర్లేమైనా ఆగిపోయాయా అని కనుక్కోవాలి. ఇంకో అయిదు వారాల్లో జనవరి 14, మాజీ సైనికుల దినోత్సవం. ఫీల్డ్ మార్షల్ కరియప్ప గారు 1953లో రిటైరైన రోజు. పండగ రద్దీలో ఎవరూ రారంటారా? రాకపోనీ. ఆ రోజు కూడా ఏడింటికే.

రిజిస్టరు బయట బల్ల మీద పెట్టాను. పన్నెండు నెలలకు పన్నెండు గీతలు గీశాను. జనవరి ఎదురుగా నా పేరు రాసేశాను. మేలో ఎండలకు భయపడి ఎవరూ రాయరని తెలుసు, కాబట్టి అది కూడా నాదే. మిగతావి పది.