డబ్బు సరే, పని సంగతేంటి?

అన్నలారా, అక్కలారా, ఎండ ముదరక ముందే అసలు విషయానికొస్తా. మన తాడిపత్రిలో బండల కటింగ్ మిషను దగ్గర ఎట్లుంటుందో మీకు నేను చెప్పేదేముంది, బ్లేడు మీద నీళ్లు పడుతుంటాయి, కాళ్ల కింద బురద, బండ కాస్త జారితే చాలు చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. తర్వాత జరిగేదీ తెలిసిందే. ఓనరు మనిషి వచ్చి ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత పెట్టి, ఇక పరిహారం అడగనని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు.

ఆ సంతకం పెట్టకండి. ఇ.ఎస్.ఐ., అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉన్నవాళ్లయితే, పనిలో ఉండగానే దెబ్బ తగిలిందని ముందు రికార్డులో ఎక్కించుకోండి. ఆసుపత్రిలో ఎవరైనా "ఇంట్లో పడ్డాడు" అన్నారంటే సగం కేసు అక్కడే పోయినట్టు. పనిలో చేరిన రోజే దెబ్బ తగిలినా ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. పనికి పోలేనన్నాళ్లు జీతంలో 90 శాతం ఇస్తారు, వైకల్యం మిగిలిపోతే మెడికల్ బోర్డు తేల్చినదాన్ని బట్టి జీవితాంతం పింఛను వస్తుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. వేరే పని నేర్చుకోడానికి కూడా ఇ.ఎస్.ఐ. డబ్బిస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు, మనమూ అడగం. ట్రైనింగ్ నడిచినన్నాళ్లు అసలు ఫీజు గానీ రోజుకు 123 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది. 123తో ఇల్లు గడుస్తుందా అంటే గడవదు, కాకపోతే పింఛను దానికి వేరేగా వస్తుంది. ట్రైనింగ్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సెంటర్లు హైదరాబాదులో, విశాఖలో ఉన్నాయి, తాడిపత్రి మనిషికి రెండూ దూరమే.

ఈ ట్రైనింగ్ డబ్బు రావాలంటే వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు, వయసు 45 దాటకూడదు. నాకు మండేది ఆ 40 దగ్గరే. చట్టంలోని షెడ్యూలు ప్రకారం ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం, బొటనవేలు ఒక్కటే పోతే 30. బొటనవేలు లేకుండా బండ ఎత్తమనండి చూద్దాం! అంటే పాత పని చెయ్యలేడు, కొత్త పని నేర్పించరు. ఈ లెక్క మార్చమని యూనియన్ గట్టిగా అడగాలి.

పదిమంది కూడా లేని యూనిట్లో చేసేవాళ్లకు మామూలుగా ఇ.ఎస్.ఐ. ఉండదు. వాళ్లు నష్టపరిహారం కోసం రెండేళ్లలోపు కార్మిక శాఖలో అర్జీ వేసుకోవాలి. అక్కడ డబ్బే, ట్రైనింగ్ లేదు. పరిహారం వదులుకుంటున్నట్టు ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు టెన్షన్ పడొద్దు, చట్టం ముందు అది చెల్లదు.

గాయమై రెండేళ్లు నిండనివాళ్లు మీటింగ్ అయ్యాక పోవద్దు. ఆసుపత్రి చీటీలు, జీతం కాగితాలు ఏవున్నా తెచ్చుకోండి, అర్జీలు ఇక్కడే రాద్దాం.