అరసవల్లి చూసి వెళ్లిపోకండి, ముఖలింగం దాకా రండి

అందరికీ నమస్కారం అండి. శ్రీకాకుళం వచ్చినవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? పొద్దున్నే అరసవల్లి, అటునుంచి శ్రీకూర్మం, మధ్యాహ్నానికి బస్సు. మా చుట్టాలందరినీ నేనూ అలాగే తిప్పాను. ఈసారి అమ్మని తీసుకుని ముఖలింగం కూడా కలిపాను.

అరసవల్లి మీకు తెలిసిందే. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, క్యూలోనే పొద్దెక్కిపోతుంది.

శ్రీకూర్మంలో దర్శనం అయ్యాక బయటికి పరిగెత్తకండి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. మండపంలో స్తంభాల నిండా శాసనాలే, ఎక్కువ భాగం తెలుగు లిపిలో. 1281 నాటి మధ్వ గురువు నరహరి తీర్థుల శాసనం ఈ గుడిలోదే. నేను కూడబలుక్కుంటే నాలుగు అక్షరాలు దొరికాయి. అమ్మకి చిరాకేసింది: "ఏట్రా, దండం ఎట్టుకోకుండా ఆ రాళ్లేటి చూస్తావు?" పిల్లలుంటే ఆవరణలో నక్షత్ర తాబేళ్లు చూపించండి, ఇక కదలరు.

ఇప్పుడు ముఖలింగం. శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్లు, వంశధార ఒడ్డున చిన్న పల్లె. ఒకప్పుడు ఇదే కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లు. మధుకం అంటే ఇప్పచెట్టు, పెద్దగుడి స్వామికి ఆ పేరు దాన్నుంచే. ఇక్కడి శిఖరం మన వైపు గోపురంలా అంతస్తులు అంతస్తులుగా ఉండదు. నిట్టనిలువుగా లేచి, పైన లోపలికి వంగి, ఉసిరికాయలాంటి రాతితో ముగుస్తుంది. భువనేశ్వర్ వెళ్లినవాళ్లు చూడగానే పోల్చుకుంటారు. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగ రాజధానిని కటక్ వైపు మార్చాడు, పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టిందీ ఆయనే. తర్వాత కోణార్క్ కట్టించింది ఆ వంశంలోని నరసింహదేవుడు. ఆ రెండింటి కోసం రైలెక్కి ఒడిశా వెళ్తాం, ఆ గాంగులు బయల్దేరిన ఊరు మన జిల్లాలో ఉంటే తొంగిచూడం!

మైనస్‌లు చెప్తాను. తిండి దారిలో నరసన్నపేటలోనే కానిచ్చేయండి. మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా ఆ బండల మీద నడిస్తే అరికాళ్లు కాలిపోతాయి, నేను గంతులేశాను. నాలుగింటికి వెళ్లండి, ఏటవాలు ఎండలో చెక్కడాలు తేటగా కనిపిస్తాయి.

నా రేటింగ్: శ్రీకూర్మం నాలుగు, ముఖలింగం నాలుగున్నర. ఆ అర తగ్గించింది నా కాళ్ల కోసం. సోమేశ్వరుడి గుడి దగ్గర మా అమ్మే నా ఫోన్ లాక్కుని గుమ్మం మీది లతలన్నీ ఫోటోలు తీసింది. ఇప్పుడు స్క్రీన్ మీద వస్తున్నవి అవే, కొంచెం ఊగినా సర్దుకోండి.