క్యాండిడేట్ బట్టలకు అంటిన సుద్ద

ఉద్యోగానికి అప్లై చేసినా, ఎన్నికల్లో నామినేషన్ వేసినా, పరీక్ష రాసినా మనిషికి పడే పేరు ఒకటే, క్యాండిడేట్. ఈ మాటని తవ్వితే అడుగున ఉద్యోగమూ ఉండదు, ఎన్నికా ఉండదు. ఒక రంగు ఉంటుంది. తెలుపు.

లాటిన్‌లో మామూలు తెలుపుని 'ఆల్బుస్' అంటారు. తళతళలాడే తెలుపైతే 'కాండిడుస్'. ప్రాచీన రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు టోగాకి, అంటే ఒంటికి చుట్టుకునే పెద్ద ఉన్ని వస్త్రానికి, సుద్ద రుద్దుకొని జనంలోకి వచ్చేవాళ్లు. గుంపులో కనబడాలి కదా మరి! అలా తెల్లబట్టలవాడు 'కాండిడాతుస్' అయ్యాడు. ఓట్ల కోసం బట్టలు ఇలా తెల్లగా చేసుకోకూడదని క్రీ.పూ. 432లో ఏకంగా చట్టమే తెచ్చారని చరిత్రకారుడు లివీ రాశాడు. ఎవరు విన్నారు? క్రీ.పూ. 64లో రోమ్‌లో అత్యున్నతమైన కాన్సుల్ పదవికి నిలబడ్డ వక్త సిసెరో ప్రసంగం పేరే 'ఇన్ టోగా కాండిడా', తెల్ల టోగాలో అని. అందులో ప్రత్యర్థుల్ని ఉతికి ఆరేశాడు.

ఓట్లడుగుతూ చుట్టూ తిరగడాన్ని 'ఆంబితియో' అనేవాళ్లు. మనం గొప్పగా చెప్పుకునే యాంబిషన్ అదే.

సరే, ఇంకాస్త లోతుకి వెళ్దాం. వీటన్నిటికీ మూలం 'కాందేరె', మెరవడం. క్యాండిల్ అందులోదే. ఫ్రెంచ్ మీదుగా వచ్చిన షాండిలియర్ కూడా. మనసులో మాట దాచుకోనివాణ్ణి క్యాండిడ్ అంటామే, అదీ ఈ ఇంటిదే. క్యాండిడేటూ క్యాండిడూ తోబుట్టువులంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఈ మూలానికి సంస్కృతంలో ఒక చుట్టం ఉంది, 'చంద్ర'. మెరిసేది అని. లాటిన్ నుంచి సంస్కృతానికి రాలేదు, సంస్కృతం నుంచి లాటిన్‌కీ పోలేదు. రెండూ ఒకే పాత భాష నుంచి విడిపోయాయి. వినడానికి దగ్గరగా ఉన్నాయని అనేస్తున్న మాట కాదిది. లాటిన్‌లో 'క' వినబడే కొన్ని చోట్ల సంస్కృతంలో 'చ' వినబడుతుంది. ఐదుని అక్కడ 'క్వింక్వే' అంటారు, ఇక్కడ 'పంచ'.

ఆ పాత మూలానికి ముందు ఒక 'స' కూడా ఉండేదని భాషాశాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. లాటిన్‌లో అది మిగల్లేదు. మనకి మాత్రం ఒక పేరులో దొరుకుతుంది. హరి, చంద్ర కలిస్తే హరిచంద్ర అవ్వాలి. మధ్యలో ఆ 'శ' ఎక్కడిది? సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దీనికోసం ప్రత్యేకంగా సూత్రమే రాయాల్సి వచ్చింది. ఋగ్వేదంలో 'పురుశ్చంద్ర' లాంటి మాటల్లోనూ అదే 'శ' కనిపిస్తుంది. 'చ' పక్కన 'శ'గా మారిన ఆ పాత 'స' ఆనవాలే అది.

అంటే క్యాండిడ్ అనే మాటకి దూరపు చుట్టం, నిజం చెప్పడానికే పేరుపడ్డ హరిశ్చంద్రుడి పేరులో ఉంది.