రైతు దగ్గర టోకుగా గొడ్డు మాంసం: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో మాట్లాడుకునేది రైతు దగ్గర నేరుగా గొడ్డు మాంసం కొనడం గురించి. కిలో, రెండు కిలోలు కాదు, పావు పశువో సగం పశువో మాట్లాడుకుని తీసుకోవడం. మీ ప్రశ్నలకు జవాబులిచ్చేది మాంస శాస్త్రం తెలిసిన పశువైద్యురాలు. లైన్లో అప్పుడే ఒకరున్నారు. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మేం ఒక రైతు దగ్గర సగం పశువు మాట్లాడుకున్నాం. పశువు 500 కిలోలుంటుందట. అంటే మాకు 250 కిలోల మాంసం వచ్చినట్టే కదా?

డాక్టర్: రాదండీ. 100 కిలోలు ఇంటికి చేరితే సరిగ్గా వచ్చినట్టే లెక్క. ఇందులో మూడు బరువులుంటాయి. నిలబడి ఉన్న పశువు బరువు ఒకటి. కోసి, తోలు, తల, కాళ్లు, లోపలి పేగులు తీసేశాక కొక్కేనికి వేలాడే బరువు రెండోది. ముక్కలు కొట్టి ప్యాకెట్లు కట్టాక మీ చేతికొచ్చేది మూడోది. బాగా మేపిన పశువైతే 500 కిలోలకు వేలాడే బరువు 300 దాకా వస్తుంది. గడ్డి మీదే పెరిగిన బక్కపాటి పశువైతే 250, 275 దగ్గరే ఆగిపోవచ్చు. ఆ 300లోంచి ఎముక, అదనపు కొవ్వు, ఆరినప్పుడు పోయే నీరు పోగా ప్యాకెట్లలోకి సుమారు 200. మీది సగం కాబట్టి 100.

శ్రోత: మరి మిగతాది కొట్టే ఆయన ఉంచేసుకుంటాడా మేడం?

డాక్టర్: గొడవలన్నీ ఈ అనుమానంతోనే మొదలవుతాయి. ఎముకంతా తీయించి, కొవ్వంతా గీయించి, సన్నటి కైమా పట్టించారనుకోండి, వేలాడే బరువులో నూటికి 60, 65 వంతులే చేతికొస్తుంది. ఎముకతోనే కొట్టిస్తే 70, 75 వస్తుంది. తినే కండ మాత్రం రెండిట్లోనూ దాదాపు అంతే. ఎముకలు, కొవ్వు, కార్జం, గుండెకాయ, నాలుక, తోక మాకే కావాలని కోతకు ముందే చెప్పండి. చెప్పకపోతే అవి పక్కకు పోతాయి, తర్వాత అడిగితే దొరకవు.

ధర ఏ బరువు మీదో రైతును మొట్టమొదట అడగండి. ఎక్కువగా వేలాడే బరువు మీదే చెబుతారు. మీ వాటా 150 కిలోలు వేలాడి, ఇంటికి 100 కిలోలొస్తే, ఆయన చెప్పిన కిలో ధర మీకు ఒకటిన్నర రెట్లు పడుతుంది. కోత కూలి, ప్యాకింగ్ దాని మీద అదనం. మొత్తం కలిపి ఇంటికొచ్చిన కిలోలతో భాగించాకే దుకాణం ధరతో పోల్చండి. అప్పుడు కూడా మెత్తటి నడుము ముక్కల ధరతో కాదు. మీకొచ్చేదాంట్లో మూడో వంతుకు పైనే కైమా ఉంటుంది, అది మరిచిపోవద్దు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్. పెద్దాయనలా ఉన్నారు, చెప్పండి.

శ్రోత: అమ్మా, ఇంట్లో మేం ముగ్గురమే. పావు చాలనుకుంటున్నాం. ముందు పావు మంచిదా, వెనక పావా?

డాక్టర్: బాబాయ్ గారూ, ముందు పావులో మెడ, జబ్బ, రొమ్ము, పక్కటెముకలు ఉంటాయి. పక్కటెముకల మీది కండ మెత్తనే గానీ మిగతావన్నీ పశువు నడిచినంతసేపూ పనిచేసే కండలు. వాటిలో నరం, పీచు ఎక్కువ. సన్నటి సెగ మీద రెండు మూడు గంటలు ఉడికితే ఆ నరం జిగురుగా కరిగి రుచి వస్తుంది. తొందరపడితే రబ్బరే. వెనక పావులో నడుము, తుంటి, తొడ. నడుము మెత్తగా ఉంటుంది. తొడలో కొవ్వు తక్కువ, ఎక్కువసేపు వేపితే పొడిబారుతుంది. ఒక్కటే ఎంచుకోకుండా కలిపిన పావు అడగండి. సగం పశువును పూర్తిగా కొట్టాక అన్ని రకాల ముక్కలనూ రెండు సమాన వాటాలు వేస్తారు.

అలా తీసుకున్నా 50 కిలోలవుతుంది. ముగ్గురికి వారానికి కిలో చొప్పున ఏడాది పడుతుంది. ముక్కలు గడ్డకట్టించి ఏడాది దాకా ఉంచొచ్చు గానీ, కైమా రుచి మూడు నాలుగు నెలలకే తగ్గిపోతుంది. మామూలుగా కొడితే మీ వాటాకు 18 కిలోలైనా కైమా వస్తుంది. నాలుగు నెలలు కైమా తప్ప ఇంకేం వండకపోతేనే అది అవుతుంది. అందుకే మెడ, జబ్బ, పిక్క కండలను కైమాలో వేయొద్దని, కూర ముక్కలుగా అరకిలో ప్యాకెట్లు కట్టమని చెప్పండి. ఇంకో కుటుంబాన్ని కలుపుకుని చెరో 25 కిలోలు పంచుకుంటే ఇంకా హాయి.

శ్రోత: మంచిదమ్మా.

వ్యాఖ్యాత: మరో శ్రోత. మాట్లాడండి.

శ్రోత: హాయ్ మేడం. పశువును కోశాక 14 రోజులు వేలాడదీస్తామంటున్నారు. అన్ని రోజులుంటే కుళ్లిపోదా?

డాక్టర్: చల్లటి గదిలో, సున్నాకూ 4 డిగ్రీలకూ మధ్య, గాలి ఆడుతూ ఉంటే కుళ్లదు. కండలో సహజంగా ఉండే ఎంజైములు పీచును నెమ్మదిగా వదులు చేస్తాయి. ఈ మెత్తదనంలో ఎక్కువ భాగం మొదటి 10, 14 రోజుల్లోనే వస్తుంది. అంతకన్నా ఆపితే నీరు పోతుంది, ఎండిన పైపొర గీసి పారేయాలి, బరువు తరుగుతుంది. పైన కొవ్వు పొర లేని బక్క పశువును వారానికి మించి ఉంచవద్దనండి, త్వరగా ఎండిపోతుంది.

దీనికన్నా ముందు చూడాల్సింది పశువు ఎలా చేరిందన్నది. బతికున్న పశువు కండలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. కోశాక అది ఆమ్లంగా మారి, కండ పీహెచ్ (ఆమ్లం కొలత, ఆమ్లం పెరిగితే అంకె తగ్గుతుంది) 7 నుంచి 5.5 దగ్గరకు దిగుతుంది. పశువు రాత్రంతా లారీలో నిలబడి, ఆకలితో, కొత్త పశువుల మధ్య బెదిరి ఉంటే ఆ నిల్వ ముందే ఖర్చయిపోతుంది. పీహెచ్ 6 దగ్గరే ఆగిపోతుంది. మాంసం నల్లగా, చేతికి అంటుకునేలా ఉండి త్వరగా చెడుతుంది. దాన్ని ఎన్నాళ్లు వేలాడదీసినా బాగుపడదు. అందుకే కబేళా ఎంత దూరం, ప్రయాణం ఎన్ని గంటలు, చేరాక విశ్రాంతి, నీళ్లు ఇస్తారా అని రైతును అడగండి. చివరిసారి ఇంజెక్షన్ ఎప్పుడు వేశారు, మందు వేశాక కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని సీసా మీద రాసిన గడువు పూర్తయిందా అన్నదీ అడగండి. మంచి రైతు విసుక్కోడు, పుస్తకం తీసి చూపిస్తాడు. ఏ పశువును, ఎక్కడ కోయాలన్నదానికి మీరున్న చోట చట్టం ఉంటుంది. డాక్టర్ తనిఖీ ముద్ర లేని మాంసం తీసుకోవద్దు.

వ్యాఖ్యాత: ఇంకో కాల్.

శ్రోత: మేడం, మా వాటా 50 కిలోలు ఎల్లుండి వస్తోంది. ఎంత ఫ్రీజర్ కావాలి? కొన్ని ప్యాకెట్లు ముందే తెచ్చాం, మాంసం వంకాయ రంగులో ఉంది. భయంగా ఉంది.

డాక్టర్: రంగు సంగతి ముందు తేల్చేద్దాం. గాలి తీసేసి కట్టిన ప్యాకెట్లో మాంసం వంకాయ రంగులోనే ఉంటుంది. ఒకటి విప్పి పళ్లెంలో పెట్టండి. 15, 20 నిమిషాల్లో గాలి తగిలిన వైపు ఎర్రబడుతుంది. విప్పగానే వచ్చే కొద్దిపాటి పులుపు వాసన కూడా పోతుంది. ఆ వాసన పోకపోయినా, జిగట తగిలినా, ప్యాకెట్ ఉబ్బి ఉన్నా పారేయండి.

ఫ్రీజర్ 28 లీటర్లకు 16 కిలోలు పడుతుంది. 50 కిలోలకు 100 లీటర్లు ఖాళీగా ఉండాలి. వచ్చే మాంసం ముందే గట్టిగా గడ్డకట్టి వస్తోందా?

శ్రోత: లేదు, పచ్చిదే ఇస్తామన్నారు.

డాక్టర్: అయితే ఇప్పుడే ఫోన్ చేసి, అక్కడే గడ్డకట్టించి ఇమ్మనండి. ఇంటి ఫ్రీజర్ 100 లీటర్లకు రోజుకు 4 కిలోలు మాత్రమే సరిగ్గా గడ్డకట్టించగలదు. 50 కిలోలు ఒక్కసారే పేరిస్తే మధ్యలోవి రోజుల తరబడి చల్లబడవు, కొన్ని చెడతాయి. నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు పెద్ద పెద్ద మంచు పలుకులేర్పడి కండను చీలుస్తాయి. కరిగించినప్పుడు గిన్నె నిండా ఎర్రనీళ్లు దిగేది అందుకే. ఫ్రీజర్‌ను ముందు రోజే ఆన్ చేసి మైనస్ 18కి తెచ్చి ఉంచండి. ప్రతి ప్యాకెట్ మీదా ముక్క పేరు, తేదీ రాయండి. కైమా పైన, చేతికందేలా పెట్టండి.

శ్రోత: కరెంటు పోతే?

డాక్టర్: మూత తీయకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుంది. కరెంటొచ్చాక ప్యాకెట్ నొక్కి చూడండి. లోపల మంచు పలుకులు తగిలితే మళ్లీ గడ్డకట్టించొచ్చు. మంచు పూర్తిగా కరిగినా ఇంకా ఫ్రిజ్ అంత చల్లగా ఉన్న కైమాను ఆ రోజే, లోపల 71 డిగ్రీలు దాటేలా వండేయండి.