బియ్యం, దూది, రెండూ గ్లూకోజే: జీవాణువుల పాఠంపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు చర్చ పదకొండో తరగతి ‘జీవాణువులు’ (బయోమాలిక్యూల్స్, అంటే జీవుల్లో ఉండే అణువులు) పాఠం గురించి. ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ఒక రసాయనశాస్త్ర లెక్చరర్ మనతో ఉన్నారు. మేడం, పిల్లలు ఈ పాఠం బట్టీ పడతారు, పరీక్ష అవగానే మర్చిపోతారు. తేడా ఎక్కడొస్తోంది?

ఉపాధ్యాయిని: పట్టికతో మొదలుపెట్టడం దగ్గరే అండి. ‘కార్బోహైడ్రేట్లు శక్తికి, ప్రోటీన్లు పెరుగుదలకు’ అని గడులు నింపేస్తే ఇక అడగడానికి ఏం మిగులుతుంది? బల్ల మీద గుప్పెడు బియ్యం, కాస్త దూది పెట్టండి. బియ్యంలో స్టార్చి, దూదిలో సెల్యులోజ్. రెండూ గ్లూకోజ్ గొలుసులే. ఒకటి మనకి అరుగుతుంది, రెండోది అరగదు. ఎందుకని అడగండి.

లెక్చరర్: దానికి పాత క్యాలెండర్ అట్ట చాలు. ఆరు మూలల ముక్కలు ఓ పది కత్తిరించాలి. కుడి మూల 1వ కార్బన్, ఎడమ మూల 4వది. 4 దగ్గర ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) కిందికి రాయాలి. ఆల్ఫా గ్లూకోజ్‌లో 1 దగ్గర ఓహెచ్ కూడా కిందికే, బీటాలో పైకి. ఆల్ఫా ముక్కలు తిప్పకుండానే పక్కపక్కన అతుకుతాయి. బీటా ముక్కలు అతకాలంటే ఒకటి విడిచి ఒకటి తలకిందులు చెయ్యాల్సిందే. ఆల్ఫా గొలుసు మెలి తిరుగుతుంది, బీటా గొలుసు తిన్నగా ఉంటుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుంటే నార. ఈ రెండు గొలుసుల్లో మన ఎంజైములు ఆల్ఫా బంధాన్నే తెంచగలవు. ఆవుకి గడ్డి అరగడం కూడా దాని పొట్టలోని సూక్ష్మజీవుల పుణ్యమే.

ఉపాధ్యాయిని: అతికించిన ప్రతిచోటా ఒక నీటి అణువు పోతుందని లెక్క కూడా చేయించాలి. గ్లూకోజ్ అణుభారం 180. పది కలిపితే 1800 అంటారు పిల్లలు. కాదు, తొమ్మిది బంధాలు, తొమ్మిది పద్దెనిమిదులు 162 తీసేస్తే 1638.

వ్యాఖ్యాత: స్టార్చికి చేసే అయోడిన్ పరీక్ష తేలికే కదా, అదీ తప్పుతుందా?

ఉపాధ్యాయిని: తప్పుతుందండి! పొయ్యి మీంచి దించిన వేడి గంజిలో చుక్క వేస్తారు, నీలం రాదు. అయోడిన్ స్టార్చి గొలుసు మెలిక లోపల ఇరుక్కుంటేనే రంగు. వేడికి ఆ పట్టు సడలిపోతుంది. అదే గంజి చల్లారితే రంగు తిరిగొస్తుంది. ‘పరీక్ష ఫెయిలైంది’ అని పారబోయకండి, పాఠమంతా అందులోనే ఉంది. అయోడిన్‌ని పల్చటి టీ రంగుకి తేవాలి, చిక్కగా వేస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి.

లెక్చరర్: ప్రోటీన్లకి బైయూరెట్ పరీక్ష. ఒక వంతు గుడ్డు తెల్లసొనకి పది వంతుల నీళ్లు. అందులోంచి 2 మిల్లీలీటర్లు తీసుకుని, 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 2 మిల్లీలీటర్లు, 1 శాతం మైలతుత్తం ద్రావణం రెండు మూడు చుక్కలు. ఊదా రంగు వస్తుంది. చుక్కలు ఎక్కువైతే నీలం మడ్డి తేలి ఊదాని కప్పేస్తుంది. చాలా ల్యాబుల్లో జరిగే పొరపాటు ఇదే. క్షారం, అంటే ఆ సోడియం హైడ్రాక్సైడ్, మాత్రం టీచరే పోయాలి, కళ్లద్దాలు తప్పనిసరి.

వ్యాఖ్యాత: గుడ్డు ఉడికిస్తే ప్రోటీన్ ‘విరిగిపోతుంది’ అంటారు కదా?

లెక్చరర్: ఆ మాటే పిల్లల్ని దారి తప్పిస్తుంది. ఉడికిన తెల్లసొనని చిదిపి ఇదే పరీక్ష చెయ్యండి, ఊదా రంగు మళ్లీ వస్తుంది. అంటే అమైనో ఆమ్లాల్ని గొలుసుగా కలిపే పెప్టైడ్ బంధాలు అలాగే ఉన్నాయి, పోయింది ఆ గొలుసు మడత ఒక్కటే. గ్లైసిన్ లాంటి విడి అమైనో ఆమ్లంతో చేస్తే ఊదా రాదు, కనీసం రెండు పెప్టైడ్ బంధాలుండాలి. రెండూ పక్కపక్కన చూపిస్తే నిర్మాణ స్థాయిల గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఉపాధ్యాయిని: మడత పోతే పని కూడా పోతుందని చూపడానికి బంగాళాదుంప ఉంది. పచ్చి ముక్క మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుస్సున నురగ. బాగా ఉడికించి చల్లార్చిన ముక్క మీద నురగ రాదు. పెరాక్సైడ్‌ని విడగొట్టే కెటలేజ్ ఎంజైము మడత చెడిపోయింది మరి.

వ్యాఖ్యాత: కొవ్వుల సంగతి?

ఉపాధ్యాయిని: క్లుప్తంగా చెప్తాను. కాగితం మీద నూనె మరక ఆరదు, నీటి మరక ఆరుతుంది, పరీక్షగా అది చాలు. కానీ లిపిడ్లు, అంటే ఈ కొవ్వుల్లాంటివి, నిజానికి స్థూల అణువులు (చాలా పెద్ద అణువులు) కావు, వాటి అణుభారం స్టార్చి, ప్రోటీన్ల కంటే చాలా తక్కువ. కణజాలాన్ని ఆమ్లంలో నూరినప్పుడు లిపిడ్లున్న కణాల పొరలు తెగి చిన్న చిన్న సంచుల్లా మారి, స్థూల అణువులుండే కరగని భాగంతో పాటు వచ్చేస్తాయి. అందుకే స్థూల అణువుల జాబితాలోకెక్కాయి.

వ్యాఖ్యాత: చివరిగా, అరటిపండు నుంచి డీఎన్ఏ తీయడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు.

లెక్చరర్: చెయ్యొచ్చు. పండు గుజ్జు, ఉప్పు నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా, వడకట్టి పక్కనుంచి మెల్లగా చల్లటి ఆల్కహాల్. సబ్బు కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర)లోని లిపిడ్లని కరిగిస్తుంది. అయితే పైకి తేలిన తెల్లటి జిగురంతా డీఎన్ఏ అని చెప్పకండి, అందులో ఆర్ఎన్ఏ, పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం కూడా ఉంటాయి. గట్టిగా కలిపితే పోగులు తెగి ముక్కలవుతాయి. ఆల్కహాల్‌ని ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు.