దేవుని కోపం ఎంత పొడవు? ముక్కు నుంచి నీనెవె దాకా

[తెర మీద: నల్లటి నేపథ్యం, తెల్ల అక్షరాల్లో ఒకే మాట, "దీర్ఘశాంతము"]

అందరికీ వందనాలు.

ఇంట్లో ఎవరైనా చీటికీ మాటికీ చిర్రుబుర్రులాడుతుంటే మనం ఏమంటాం? "వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది" అంటాం కదా. పాత నిబంధన రాసిన హీబ్రూ వాళ్లకు కూడా కోపం ముక్కు దగ్గరే ఉండేది. హీబ్రూలో "అఫ్" అంటే ముక్కు. కోపానికి కూడా అదే మాట. కోపం వస్తే ముక్కుపుటాలు అదురుతాయి, ఊపిరి వేడెక్కుతుంది, అందుకని కావచ్చు. నిర్గమకాండం 32వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసుకుని మొక్కుతారు. దేవుని కోపం మండిందని చదువుతాం. హీబ్రూలో అక్కడ మండేది ముక్కే.

రెండు అధ్యాయాలు దాటి రండి. మోషే కొత్తగా రెండు రాతి పలకలు చెక్కుకుని మళ్లీ సీనాయి కొండ ఎక్కుతాడు. దేవుడు అతని ఎదుట దాటి వెళ్తూ తానెలాంటి వాడో తానే చెబుతాడు: కనికరం, దయ, ఆ వెంటనే "ఎరెక్ అప్పయిమ్". ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే "పొడవాటి ముక్కు గలవాడు".

[తెర మీద: ఎరెక్ = పొడవైన. అప్పయిమ్ = ముక్కుపుటాలు]

మన తెలుగు బైబిల్లో అక్కడున్న మాట "దీర్ఘశాంతము". ముక్కు పోయింది గానీ పొడవు అలాగే ఉంది చూడండి. "క"కి దీర్ఘమిస్తే "కా" అవుతుందని చిన్నప్పుడు గుణింతంలో నేర్చుకున్న దీర్ఘమే అది. కొత్త నిబంధన గ్రీకులోనూ ఈ గుణానికి వాడే మాట "మాక్రో"తో, అంటే పొడవుతోనే మొదలవుతుంది. సామెతలు 14లో ఇట్టే కోపపడేవాణ్ణి హీబ్రూ "పొట్టి ముక్కువాడు" అంటుంది. లోపల రాజుకున్న వేడి బయటికి రావడానికి ఎంత దూరం ప్రయాణించాలి అన్నదే ఇక్కడ లెక్క.

ఈ మాట నాకు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. చిన్నప్పుడు ఒక కూటంలో మైకు బద్దలయ్యేలా నరకం గురించి ప్రసంగం విన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున నాయనమ్మకు చెబితే ఏమీ అనలేదు. బైబిల్ తెరిచి, వేలు లైను కింద పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది: "దీర్ఘ... శాంతము". ఆ వేలు కదిలిన తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

చాలామంది ఒక షార్ట్‌కట్ చెబుతారు: పాత నిబంధన దేవుడు కోపిష్టి, యేసు ప్రేమమూర్తి, గొడవ తీరిపోయింది అని. ఇది కొత్త ఆలోచన కాదు. నల్ల సముద్రం ఒడ్డున సినోపే ఊరినుంచి రోమ్‌కు వచ్చిన మార్కియోన్ అనే బోధకుడు రెండో శతాబ్దంలోనే ఇలా బోధించాడు. ఇద్దరు వేర్వేరు దేవుళ్లన్నాడు, పాత నిబంధన మొత్తాన్నీ పక్కన పెట్టేశాడు. క్రీ.శ. 144లో రోమ్ సంఘం అతన్ని వెలివేసింది, అతను ఇచ్చిన విరాళాన్ని కూడా తిరిగి ఇచ్చేసింది.

అతని లెక్క ఎక్కడ తప్పిందో చూడాలంటే మార్కు సువార్త 3వ అధ్యాయం, 5వ వచనం చాలు. విశ్రాంతి దినం. సమాజమందిరంలో చెయ్యి ఎండిపోయిన మనిషి ఒకడున్నాడు. యేసు వాణ్ణి బాగుచేస్తే నేరం మోపుదామని కొందరు కనిపెట్టి చూస్తున్నారు. యేసు వాళ్లవైపు కోపంతో కలియజూశాడని రాసి ఉంది. అదే వాక్యంలో, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడనీ ఉంది. కోపం, దుఃఖం ఒకే ముఖంలో. అయినా ఆ చెయ్యి బాగయింది.

సిలువ గురించీ ఒక మాట. తండ్రి కోపంతో ఊగిపోతుంటే కొడుకు అడ్డుపడి చల్లార్చాడన్నట్టు కొందరు బోధిస్తారు. రోమా పత్రిక 5:8 మాత్రం దేవుడే తన ప్రేమను వెల్లడిచేశాడని, అదీ మనం ఇంకా పాపులుగా ఉండగానే అని చెబుతుంది. కొడుకు వచ్చి తండ్రి మనసు మార్చాల్సిన పని అక్కడ లేదు. ప్రేమించిందీ, పంపిందీ తండ్రే.

ఇక నీనెవెకు వెళ్దాం.

[తెర మీద: మ్యాప్. ఇరాక్, టైగ్రిస్ నది, మోసుల్ నగరం. నది అవతలి గట్టున పాత నీనెవె]

నీనెవె అష్షూరు (అస్సిరియా) సామ్రాజ్యపు మహానగరం. అష్షూరు క్రూరత్వం కళ్లారా చూడాలంటే లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో చూడొచ్చు. క్రీ.పూ. 701లో సన్హెరీబు రాజు యూదా పట్టణమైన లాకీషును ముట్టడించి పట్టుకున్నాడు. ఆ విజయాన్ని నీనెవెలోని తన రాజభవనం గోడల మీద రాతిలో చెక్కించుకున్నాడు. కొరత వేసిన మనుషులు, చర్మం ఒలిపించుకుంటున్న బందీలు. పక్కనే ఎడ్లబండ్లు, వాటిమీద మూటలు, ఆ మూటలమీద కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు. ఊరొదిలి పోతున్న కుటుంబాలు. దీన్ని గెలిచినవాడే గొప్పగా గోడకెక్కించుకున్నాడన్నది మర్చిపోకండి.

అలాంటి ఊరికి వెళ్లి హెచ్చరించమని దేవుడు చెబితే, ప్రవక్త యోనా యొప్పే రేవులో ఓడ ఎక్కి, ఎదురు దిక్కునున్న తర్షీషు దారి పట్టాడు. చేప కడుపులో మూడు రోజుల సంగతి సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. నలభై రోజుల్లో నాశనమవుతారని యోనా ప్రకటిస్తాడు. ఊరంతా పశ్చాత్తాపంతో గోనెపట్ట కట్టుకుంటుంది, దేవుడు శిక్షను ఆపేస్తాడు. అప్పుడు యోనాకు ఒళ్లు మండిపోతుంది. "నువ్వు దీర్ఘశాంతుడవని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను" అంటాడు. సీనాయి కొండ మీది మాటను తీసుకొచ్చి ఫిర్యాదుగా వాడతాడు. అష్షూరు చేతిలో నలిగిన జనం వైపునుంచి చూస్తే యోనా కోపం నాకు అర్థమవుతుంది. ఆ బండ్ల మీది పిల్లలకు ఎవరు జవాబు చెప్పాలి?

వాళ్ల తరఫున మాట్లాడేది ఇంకో ప్రవక్త, నహూము. బైబిల్లో మూడే అధ్యాయాల చిన్న గ్రంథం, మొత్తం నీనెవె గురించే. ఇతనూ సీనాయి మాటనే ఎత్తుకుంటాడు: యెహోవా దీర్ఘశాంతుడు. కానీ యోనా వదిలేసిన మాటను ఇతను వదలడు: దోషులను నిర్దోషులుగా ఎంచడు. సీనాయి దగ్గర ఈ రెండూ కలిసే ఉన్నాయి. పొడవాటి ముక్కుకు పొడవుంది గానీ, లోపలి వేడి అబద్ధం కాదు. క్రీ.పూ. 612లో బబులోనీయులు, మాదీయులు కలిసి నీనెవెను కూల్చేశారు.

కోపం లేని దేవుడు కావాలని మనకు అనిపిస్తుంది. నాకూ చిన్నప్పుడు ఆ రాత్రి అలాగే అనిపించింది. కానీ లాకీషు బండి మీద కూర్చున్న తల్లికి అలాంటి దేవుణ్ణి చూపించి "ఈయన ఎవరిమీదా కోప్పడడమ్మా" అని చెప్పగలమా? నేను చెప్పలేను. అలాగని నీనెవెలో గోనెపట్ట కట్టుకున్న వాణ్ణి చూసి "నీకు క్షమాపణ లేదు పో" అని కూడా అనలేను.

[తెర మీద: తెర రెండుగా చీలుతుంది. ఎడమ సగం మీద "యోనా 4:11", కుడి సగం మీద "నహూము 3:19"]

ఈ రెండు గ్రంథాలూ ప్రశ్నతోనే ముగుస్తాయి. రెండు ప్రశ్నలూ నీనెవె గురించే.

నహూము చివర, నీనెవెను ఏలిన రాజును అడుగుతున్న ప్రశ్న: ఎడతెగని నీ చెడుతనం తగలని వాళ్లంటూ ఎవరైనా ఉన్నారా?

యోనా చివర, తనకు నీడనిచ్చి ఎండిపోయిన సొరచెట్టు పక్కన కూర్చుని అలిగిన ప్రవక్తను దేవుడు అడుగుతున్న ప్రశ్న: కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలియని 1,20,000 మందికి పైగా జనం, లెక్కలేనన్ని పశువులు ఉన్న ఈ మహాపట్టణం మీద నేను జాలిపడకూడదా?

[తెర మీద: రెండు ప్రశ్నలూ పక్కపక్కనే నిలిచి ఉంటాయి. మాటలు లేవు, సంగీతం లేదు. పది సెకన్లు.]