వెనకోడు మీదమీదికొస్తుంటే ఏం చేయాలి? కొత్తగా బండి నడిపేవాళ్ల ఫోన్-ఇన్

యాంకర్: శ్రోతలందరికీ నమస్తే. ఈ రోజు స్టూడియోలో మనతో ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ ఉన్నారు. 31 ఏళ్లు బస్సు నడిపి, ఇప్పుడు నల్గొండలో బండి, కారు నేర్పుతున్నారు. కొత్తగా బండి నేర్చుకుని పెద్ద రోడ్డెక్కినప్పుడు వెనకాల అంటుకుని వచ్చే వాహనాలతో వచ్చే ఇబ్బంది గురించి మాట్లాడుకుందాం. నమస్తే సార్.

నిపుణుడు: నమస్తేనమ్మా. కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట. దీన్ని ఇవాళ పదిసార్లు చెప్తా, విసుక్కోవద్దు. వెనక ఎంత పెద్ద బండి వచ్చినా, స్పీడులో ఉన్నప్పుడు తారు వదిలి మట్టిలోకి దిగొద్దు. నా దగ్గరికి దెబ్బలతో వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది లారీ గుద్దితే పడినోళ్లు కాదు, లారీకి భయపడి మట్టిలోకి దిగి పడినోళ్లే.

యాంకర్: మొదటి కాల్ మహబూబ్‌నగర్ నుంచి. చెప్పండి.

కాలర్: సార్ నమస్తే. నాకు 19 సార్, డిగ్రీ చదువుతున్న. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకుని నెలన్నర అయింది. జడ్చర్ల రోడ్డు మీద కారోళ్లు మరీ దగ్గరకొస్తరు సార్. మా ఫ్రెండేమో, ఒక్కసారి బ్రేకు టపీమని కొట్టు, వాడే భయపడి వెనక్కి పోతడు అంటడు.

నిపుణుడు: మీ ఫ్రెండు ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నడు?

కాలర్: రెండేళ్లు సార్.

నిపుణుడు: సరే. వాన్ని అడుగు. కారుకు ముందు బంపర్ ఉంటది, లోపల బెల్టుంటది. నీ వెనక ఏముంది? నంబర్ ప్లేటు. గంటకు 50లో పోతున్నవంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతున్నట్టు. నీ లైటు చూసి కారోడు కాలు బ్రేకు మీద పెట్టేసరికే ఒక సెకను పోతది. ఆ టైంలో వాడు ఫోను చూస్తుంటే ఇంకా ఎక్కువ. వాడు నీకు ఐదు మీటర్ల దూరంలో ఉన్నడు. ఇంకేం చెప్పాలె?

కాలర్: అంటే బ్రేకు ముట్టుకోవద్దా సార్?

నిపుణుడు: బెదిరించడానికి వద్దు. చెప్పడానికి వాడు. స్పీడు తగ్గించాలనుకున్నప్పుడు ముందుగానే లీవర్‌ను ఊరికే తాకు. లైటు రెండుసార్లు వెలిగితే చాలు, బండి ఆగక్కర్లేదు. ఇంకోటి గుర్తుపెట్టుకో. గేరు తగ్గించినా, యాక్సిలరేటర్ వదిలేసినా బండి స్లో అయితది గానీ వెనక లైటు వెలగదు. వెనకోనికి తెల్వదు. కొత్తోళ్లు ఎక్కువ ఇక్కడే దొరికిపోతరు.

యాంకర్: థాంక్యూ తమ్ముడూ. నెక్స్ట్ కాల్ నకిరేకల్ నుంచి.

కాలర్: సార్, మా బాబుకు 16. ఎత్తున్నడు, బండి మంచిగ నడుపుతడు. సూర్యాపేట ట్యూషన్‌కు హైవే మీద పోతానంటడు. వెనక లారీలొస్తే...

నిపుణుడు: అన్నా, లారీల ముచ్చట తర్వాత. 16కు గేర్లు లేని, 50 సీసీ లోపు బండికే లైసెన్స్ ఇస్తరు. మీ ఇంట్లో ఉన్నది అదేనా?

కాలర్: కాదు సార్. 125.

నిపుణుడు: అయితే 18 నిండే దాకా తాళం మీ దగ్గరే పెట్టుకోండి. పిల్లోడు దొరికితే కేసు తండ్రి మీద. 25 వేల ఫైను, మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది చట్టంలో. బస్సెక్కించండన్నా.

యాంకర్: థాంక్యూ అండి. తిప్పర్తి దగ్గర నుంచి ఒక అక్క లైన్‌లో ఉన్నారు. అక్కా, మీ రేడియో సౌండు కొంచెం తగ్గించండి.

కాలర్: ఆఁ, తగ్గించిన. హలో సార్. నేను అంగన్‌వాడీలో చేస్త. పేరు చెప్పను సార్, మా ఆయన ఈ ప్రోగ్రాం వింటడు.

నిపుణుడు: (నవ్వుతూ) వద్దులే అమ్మా. చెప్పండి.

కాలర్: స్కూటీ నేర్చుకుని రెండు నెలలైంది సార్. ఊర్లో మంచిగనే నడుపుత. మీటింగులకు నల్గొండ పోవాలె, అది అద్దంకి రోడ్డు కద, నాలుగు లైన్లది. పోయేటప్పుడు ఏం కాలే. వచ్చేటప్పుడు... అసలు ఆ రోజు మీటింగు లేటయింది సార్, మూడింటికి అయిపోవాల్సింది ఐదయింది, ఇంట్ల పాప ఒక్కతే ఉంటది...

నిపుణుడు: రోడ్డు మీద ఏమైందో చెప్పండి.

కాలర్: అదే చెప్తున్న. వెనక వడ్ల లారీ సార్, మిర్యాలగూడ మిల్లులకు పోయేది. నేను 35 మీద పోతున్న. ఎడమ పక్కన వడ్లు ఆరబోసిన్రు, చుట్టూ రాళ్లు పెట్టిన్రు. అందుకని కొంచెం లోపలికి జరిగి పోతున్న. కుడి పక్క కార్లు రయ్‌రయ్ పోతున్నయి. లారీ ఒకటే హారను. ఎంతసేపు కొట్టిందో! నాకు చేతులు వణికినయి. వడ్లు అయిపోంగనే ఎడమకు మట్టిలోకి దింపిన. ముందు చక్రం జారింది. మోచెయ్యి, మోకాలు గీసుకపోయినయి. హెల్మెట్ ఉంది కాబట్టి సరిపోయింది.

నిపుణుడు: లారీ తాకిందా?

కాలర్: లేదు సార్. పోయింది.

నిపుణుడు: తారుకూ మట్టికీ మధ్య ఎత్తు ఎంత ఉంటది అక్కడ?

కాలర్: రెండు వేళ్లు... మూడు వేళ్లుంటది.

నిపుణుడు: అదే మిమ్మల్ని పడేసింది. స్కూటీ చక్రం చిన్నది. ఆ అంచు మీదికి ఏటవాలుగా వస్తే చక్రం దిగదు, అంచు పట్టుకుని జారుతది. మళ్లీ పైకి ఎక్కిద్దామని హ్యాండిల్ తిప్పినా అంతే, టైరు అంచుకు రాసుకుంటూ పోయి బండి పడుతది. ఒకవేళ పొరపాటున దిగితే బ్రేకు కొట్టొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ వదిలి, నిటారుగా పోనివ్వండి. బండి దానంతటదే నెమ్మదిస్తది. ఆగినాక, వెనక చూసుకుని, కాళ్లు కింద పెట్టుకుని ఎక్కించండి.

కాలర్: అయితే స్పీడుగా పోవాల్నా సార్? మా ఆయన అదే అంటడు. నువ్వు మెల్లగ పోతవు కాబట్టే హారన్ కొడతరు, 60 మీద పో, ఎవ్వడు రాడు అని.

నిపుణుడు: వద్దు. మీరు 60కి పోతే లారీ వెనక్కి పోతదా? అదీ 60కి వస్తది. మీ చెయ్యి 35కే అలవాటైంది, అట్లనే ఉండనీయండి. వెనక ఉన్న దూరం మీ చేతిలో లేదమ్మా, ముందున్న దూరమే మీ చేతిలో ఉంది. ముందు పోయే బండి ఒక స్తంభం దాటంగనే "ఒకటో నంబర్ బస్సు, రెండో నంబర్ బస్సు" అని నిదానంగా అనుకోండి. మామూలుగా అయితే ఆ రెండు బస్సులయినాకనే మీరు ఆ స్తంభం దగ్గరికి రావాలె. వెనకాల ఎవడైనా అంటుకుని వస్తుంటే నాలుగు బస్సులు లెక్కపెట్టండి. అప్పుడు ముందు బండి ఆగినా మీరు గట్టిగ బ్రేకు కొట్టే పని ఉండదు. మీరు గట్టిగ కొట్టకపోతే వెనకోడు మీ మీదికి రాడు.

కాలర్: సరే సార్. అద్దంలో చూసుకుంటే ఇంకా భయమైతది.

నిపుణుడు: రెండద్దాలూ ఉన్నయా?

కాలర్: ...లేవు సార్. మా మరిది కొడుకు తీసేసిండు, స్టైలుగ ఉంటదని.

నిపుణుడు: రెండూనా?

కాలర్: రెండూ.

నిపుణుడు: మరి భయం దేంట్ల చూసి అమ్మా?

కాలర్: తల తిప్పి చూస్త సార్.

నిపుణుడు: అయ్యో రామా. తల తిప్పితే చెయ్యి కూడా అటే పోతది, కొత్తోళ్లకు మరీ. ముందు అద్దాలు పెట్టించండి. ఎల్ బోర్డు ఉందా, తెల్లటి దాని మీద ఎర్ర అక్షరం? ముందొకటి, వెనకొకటి ఉండాలె.

కాలర్: లేదు. సిగ్గనిపించింది.

నిపుణుడు: పెట్టండి. బస్సు నడిపినోన్ని చెప్తున్న. ముందున్నోడు కొత్తోడని తెలిస్తే కాలు నేను ముందే బ్రేకు మీదికి తెచ్చుకునేటోన్ని. తెలియకపోతే అందరిలెక్కనే అనుకుంట. పాపను వెనక ఎక్కించుకుంటున్నరా?

కాలర్: బడి దాకనే సార్. ఊర్లోనే.

నిపుణుడు: ఎల్‌ఎల్‌ఆర్ మీద వెనక కూర్చోవలసింది లైసెన్స్ ఉండి నేర్పించేవాళ్లు ఒక్కరే. నెల దాటితే పర్మనెంట్‌కు స్లాట్ బుక్ చేసుకోవచ్చు. మీకు రెండు నెలలైంది కదా. టెస్టు పాసై, లైసెన్స్ చేతికొచ్చినాక పాపను ఎక్కించుకోండి. పాపకూ హెల్మెట్ కొనండి.

కాలర్: సరే సార్. మరి హారన్ కొడితే ఏం చేయాలె?

నిపుణుడు: అమ్మా, ఇంతసేపు అదే కదా చెప్పిన!

కాలర్: కాదు సార్, మీరు దూరం చెప్పిన్రు, అద్దాలు చెప్పిన్రు. హారన్ కొడతనే ఉంటే? నా గుండె దడదడ కొట్టుకుంటది. ఆ మోత వింటే చేతులు ఆగవు.

నిపుణుడు: (కాసేపు ఆగి) సరే, వినండి. 31 ఏళ్లలో నేను కొట్టిన హారన్లలో సగం "పక్కకు జరుగు" అని కాదు. "నేను వెనకున్న, కుడికి తిరగకు" అని. ఇంకో పావు వంతు అలవాటు. తిట్టుకుంటూ కొట్టింది కూడా ఉంది, లేదనను. కానీ లోపల కూర్చున్నోన్ని చూస్తే మీరు భయపడరు. ఆకలితో ఉంటడు, టైంకు డిపోకు పోవాలని ఉంటడు. మీరంటే వానికి కోపం లేదు, అసలు మీ మొహమే చూడలే.

కాలర్: ఆఁ.

నిపుణుడు: హారన్ వినంగనే చెయ్యాల్సింది ఏమీ లేదు. అద్దంలో ఒకసారి చూడండి. మీ స్పీడే పోండి, హ్యాండిల్ నిటారుగా. ఎదురుంగ చూసుకోండి, దారి ఎక్కడ వెడల్పు ఉందో. వడ్లు ఉన్నంతసేపు మీరు జరగలేరు, లారోడు కూడా చూస్తనే ఉంటడు. వడ్లు అయిపోయినాక ఎడమ ఇండికేటర్ వెయ్యండి. యాక్సిలరేటర్ నెమ్మదిగ తగ్గించండి. తారు మీదనే ఎడమకు జరగండి, అంచుకు రెండడుగులు వదిలి. వాడు పోతడు. పక్కనుంచి పోయేటప్పుడు గాలి ముందు బయటికి నెడుతది, తర్వాత లోపలికి గుంజుతది. మోచేతులు బిగపట్టకండి. బిగపడితే ఆ గాలికి బండి ఊగుతది.

కాలర్: చెయ్యి ఊపి పొమ్మనాల్నా?

నిపుణుడు: వద్దు. ఎదురుంగ ఏం వస్తుందో మీకంటే ఎత్తు మీద కూర్చున్నోనికే బాగా కనబడుతది. మీ రెండు చేతులూ హ్యాండిల్ మీదనే ఉండాలె. పెట్రోల్ బంకో, బస్టాపో కనబడితే వంద మీటర్ల ముందు నుంచి ఇండికేటర్ వేసి అందులోకి పోయి ఆగండి. నీళ్లు తాగి బయల్దేరండి. అందులో చిన్నతనం ఏం లేదు.

కాలర్: అట్ల చేస్తే ఇల్లు చేరేసరికి చీకటైతది సార్.

నిపుణుడు: కాదమ్మా, రెండు నిమిషాలు. ఇంకో పని చెయ్యండి. ఆదివారం పొద్దున ఆరింటికి రోడ్డు ఖాళీగా ఉంటది. మీ ఆయనను తన బండి మీద మీ వెనక రమ్మనండి. హారన్ కొట్టమనండి. మీరు చూసి, ఇండికేటర్ వేసి, జరిగి, పోనివ్వండి. పదిసార్లు చెయ్యండి. తెలిసిన మనిషి హారన్‌కు చెయ్యి ఆగితే లారీకీ ఆగుతది.

కాలర్: ఆయన ఆరింటికి లేస్తడా సార్...

యాంకర్: (నవ్వుతూ) థాంక్యూ అక్కా. చాలామంది వెయిటింగ్‌లో ఉన్నారు. అచ్చంపేట నుంచి కాల్. హలో? హలో... లైన్ కట్ అయింది. కొత్తకోట నుంచి డీసీఎం వ్యాన్ డ్రైవర్ అన్న ఉన్నారు.

కాలర్: నమస్తే సార్. అందరూ మమ్మల్నే అంటరు. బెంగళూరు రోడ్డు మీద కొత్తగ నేర్చుకునే పిల్లలు డివైడర్ పక్కన, కుడి లైన్‌ల 40 మీద పోతరు. ఎటు జరుగుతరో తెల్వదు. మేమేం చెయ్యాలె?

నిపుణుడు: నువ్వన్నది కరెక్టే తమ్ముడూ. మెల్లగ పోయేటోళ్లు ఎడమ లైన్‌లనే ఉండాలె, విన్నారా పిల్లలూ? కుడి లైను దాటుకుపోయేటోళ్లది. కానీ నీ లోడెంత?

కాలర్: ఐదు టన్నులు సార్, ఒక్కోసారి ఎక్కువ.

నిపుణుడు: లోడుతో ఉంటే నువ్వే ఇంకా దూరం ఉండాలె కదా. నువ్వు వెనక అతుక్కుంటే వాడు భయంతో ఎటో ఒకటి తిరుగుతడు. నువ్వే వెనక్కి తగ్గు, దూరం ఉంటే వానికి నీ మొత్తం బండి అద్దంలో కనబడుతది. దగ్గరికి పోతే గ్రిల్లు ఒక్కటే కనబడుతది, ప్రాణం పోతది వానికి.

కాలర్: సరే సార్. కానీ ఓనర్ ఫోన్ మీద ఫోన్...

నిపుణుడు: ఓనర్ ముచ్చట ఇంకో ప్రోగ్రాంల మాట్లాడుదాం.

యాంకర్: టైం అయిపోతోంది, చివరి కాల్ దేవరకద్ర నుంచి. తొందరగా అమ్మా.

కాలర్: సార్, చీకటిలో వెనక కార్ల ఫుల్ లైటు అద్దంలో కొడుతది, ముందు ఏం కనబడదు.

నిపుణుడు: అద్దం వైపు చూడకండి, తల కొంచెం పక్కకు జరిపితే ఆ వెలుతురు కంట్లో పడదు. ముందు స్పీడు మెల్లగ తగ్గించి, వాన్ని పోనివ్వండి. అప్పుడు కూడా మట్టిలోకి దిగొద్దు, చీకటిలో ఆ అంచు అసలు కనబడదు. నేర్చుకునే నెలలో చీకటి పడ్డాక పెద్ద రోడ్డు ఎక్కకపోతేనే నయం.

యాంకర్: థాంక్యూ సార్. సార్, తిప్పర్తి అక్క మళ్లీ కాల్ చేశారట. మా వాళ్లు రాసిచ్చారు. అద్దాలు కొత్తవి కొనాలా, ఎంతవుతుంది అని అడుగుతున్నారు.

నిపుణుడు: కొనుడెందుకు? మరిది కొడుకును అడగమనండి. పారేసి ఉండడు, ఏ అటక మీదనో ఉంటయి.